అచ్చు నుంచి తెరకు: ఔత్సాహిక రేడియో పత్రికల నూరేళ్ళ చరిత్ర

గత పాఠంలో మీరు దినపత్రికల, రాజకీయ వారపత్రికల చరిత్ర చదివారు. పత్రిక అనగానే చరిత్రకారులకు ముందుగా గుర్తుకు వచ్చేవి అవే. అయితే అచ్చుయంత్రం నుంచి బయటికి వచ్చిన కాగితంలో ఒక పెద్ద భాగానికి రాజకీయాలతోగానీ సాహిత్యంతోగానీ సంబంధం లేదు. తపాలా బిళ్ళలు సేకరించేవారికి, ఫోటోలు తీసేవారికి, చిన్న రైలు నమూనాలు తయారుచేసేవారికి, తోటలు పెంచేవారికి, ఇంట్లో సొంతంగా రేడియో కట్టుకునేవారికి వేరువేరు పత్రికలు ఉండేవి. వీటినే హాబీ పత్రికలు లేదా అభిరుచి పత్రికలు అంటాం. గ్రంథాలయాలు వీటిని భద్రపరచడం తక్కువ. పరిశోధకులు చదవడం ఇంకా తక్కువ.

"ఇంటర్నెట్ వచ్చింది, అచ్చు పోయింది" అనే మాట మీరు చాలాచోట్ల విని ఉంటారు. పరీక్షల్లో కూడా చాలామంది ఇదే రాస్తారు. అది పూర్తిగా అబద్ధం కాదు, కానీ చరిత్ర విద్యార్థికి అది చాలదు. ఏ పత్రిక ఏ సంవత్సరంలో ఆగింది? అప్పటికి ఇంటర్నెట్ ఎంతమందికి అందుబాటులో ఉంది? ఆగిన పత్రికకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది? ఈ ప్రశ్నలు వేస్తే ఆ ఒక్క వాక్యం నిలబడదు. అన్ని అభిరుచులనూ ఒకే పాఠంలో చుట్టబెట్టకుండా, ఒక్కదాన్నే తీసుకుని లోతుగా చూద్దాం. అది ఔత్సాహిక రేడియో. వాడుకలో హ్యాం రేడియో అంటారు.

ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, సొంత ప్రసార పరికరం పెట్టుకుని, లాభాపేక్ష లేకుండా ఇతర దేశాల ఔత్సాహికులతో సంభాషించడం ఈ అభిరుచి. లైసెన్సు పొందిన ప్రతి ఒక్కరికీ ఒక సంకేతనామం ఉంటుంది. మన మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ సంకేతనామం వీయూ2ఆర్‌జీ. హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ రంగంలో శిక్షణ ఇస్తూ వచ్చింది. అయితే ఈ అభిరుచికి సంబంధించిన పత్రికల కథ ప్రధానంగా అమెరికాలో నడిచింది. కాబట్టి మనమూ అక్కడికే వెళ్దాం.

సరుకుల జాబితా నుంచి పుట్టిన పత్రిక

హ్యూగో గెర్న్స్‌బాక్ 1884లో లక్సెంబర్గ్‌లో పుట్టి, 1904లో అమెరికా చేరాడు. న్యూయార్క్‌లో ఎలక్ట్రో ఇంపోర్టింగ్ కంపెనీ అనే వ్యాపారం పెట్టి, వైర్‌లెస్ ప్రయోగాలు చేసే కుర్రవాళ్ళకు కావలసిన భాగాలను తపాలా ద్వారా అమ్మేవాడు. ఏ వస్తువు ఎంతో చెప్పే జాబితాలను అచ్చువేసి పంపేవాడు. అయితే తీగచుట్ట కొన్నవాడికి దానితో ఏం చేయాలో తెలియకపోతే రెండోసారి కొనడు కదా. 1908లో గెర్న్స్‌బాక్ ప్రారంభించిన 'మోడరన్ ఎలక్ట్రిక్స్' మాసపత్రిక ఆ జాబితాకు కొనసాగింపే. ఏ భాగాన్ని దేనికి కలపాలో వ్యాసం చెబుతుంది, ఆ భాగం ఎక్కడ దొరుకుతుందో పక్క పేజీలోని ప్రకటన చెబుతుంది. (సైన్స్ ఫిక్షన్ చదివే విద్యార్థులకు ఈయన పేరు మరోరకంగా తెలిసి ఉండవచ్చు. 1926లో 'అమేజింగ్ స్టోరీస్' పత్రిక పెట్టింది ఈయనే. హ్యూగో అవార్డులకు ఆ పేరు ఈయన వల్లే వచ్చింది.)

ఈ పుట్టుకను మీరు గుర్తుంచుకోవాలి. దినపత్రిక చదివేవాడు ప్రకటనను భరిస్తాడు. హాబీ పత్రిక చదివేవాడు ప్రకటన కోసం కూడా పత్రిక కొంటాడు. పట్నానికి దూరంగా, పొలాల మధ్య ఉండే కుర్రవాడికి ఆ పేజీలే బజారు. పత్రిక, దుకాణం ఒకే కాగితం మీద కలిసి బతికాయి. తర్వాతి కాలంలో ఆ కలయిక విడిపోయినప్పుడే అసలు చిక్కు వచ్చింది.

వైర్‌లెస్ వాళ్ళను కలిపిన తపాలా

1912లో అమెరికా ప్రభుత్వం రేడియో చట్టం చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన తర్వాత వైర్‌లెస్‌ను అదుపులో పెట్టాలన్న ఒత్తిడి పెరిగింది. కొత్త చట్టం ఔత్సాహికులకు లైసెన్సు తప్పనిసరి చేసి, వారిని 200 మీటర్లు, అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. అవి ఎందుకూ పనికిరావని అప్పటి నిపుణుల నమ్మకం. ఒక రకంగా ఊరి చివర చవిటినేల ఇచ్చి వదిలేసినట్టు.

కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో హిరామ్ పెర్సీ మాక్సిమ్ అనే ఇంజనీరు ఉండేవాడు. మర తుపాకిని కనిపెట్టిన మాక్సిమ్ కొడుకు ఈయన. 1914లో ఒక రాత్రి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌కు సందేశం పంపబోతే ఆయన పరికరం అంతదూరం అందుకోలేకపోయింది. మధ్యదారిలో విండ్సర్ లాక్స్ అనే ఊళ్ళో ఉన్న మరో ఔత్సాహికుడు దాన్ని అందుకుని ముందుకు పంపాడు. ఇలా చేతులు మారుస్తూ పోతే దేశమంతా సందేశాలు పంపవచ్చు కదా అన్న ఆలోచన నుంచి అమెరికన్ రేడియో రిలే లీగ్ పుట్టింది. మాక్సిమ్‌కు తోడుగా నిలిచిన క్లారెన్స్ టస్కాకు అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు.

సందేశం చేతులు మారాలంటే ఏ ఊళ్ళో ఎవరున్నారో, ఏ వేళకు వింటారో, ఎంత దూరం అందుకోగలరో అందరికీ తెలియాలి. ఆ సమాచారాన్ని గాలిలో పంపే శక్తి అప్పటి పరికరాలకు లేదు. అందుకని 1915 డిసెంబరులో మాక్సిమ్, టస్కా కలిసి 'క్యూఎస్‌టీ' పత్రిక మొదలుపెట్టారు. రేడియో తంతివారి పరిభాషలో ఆ మూడక్షరాలకు అన్ని కేంద్రాలకూ పిలుపు అని అర్థం. వింత ఏమిటంటే, తీగలు లేకుండా మాట్లాడుకోవాలనుకున్న వారిని మొదటి రోజుల్లో కలిపి ఉంచినది తపాలా బంట్రోతు. రేడియో ఆనాటి డిజిటల్ మాధ్యమం అనుకుంటే, అది బతకడానికి కాగితం అవసరమైంది. కొత్త మాధ్యమం పాతదాన్ని తోసివేస్తుందనే సూత్రాన్ని గుడ్డిగా నమ్మేవారికి ఈ ఉదాహరణ చూపండి.

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. ఔత్సాహిక కేంద్రాలన్నీ మూసివేయాలని ప్రభుత్వం ఆదేశించింది. కొద్ది నెలలకే క్యూఎస్‌టీ ఆగిపోయింది. యుద్ధం ముగిశాక 1919లో లీగ్ తన సభ్యుల దగ్గర అప్పు తీసుకుని, టస్కా చేతిలో ఉన్న పత్రికను కొని, తిరిగి ప్రారంభించింది. ఈ కొనుగోలు చిన్న వార్తలా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అతి ముఖ్యమైన ఘటన ఇదే. అప్పటి నుంచి క్యూఎస్‌టీ ఒక వ్యాపారి పత్రిక కాదు, ఒక సంఘం పత్రిక. సభ్యత్వ రుసుము కడితే పత్రిక ఇంటికి వస్తుంది. పత్రిక కోసం సభ్యులయ్యారా, సంఘం కోసం పత్రిక తెప్పించుకున్నారా అన్నది వేరుచేసి చెప్పలేం.

1921 డిసెంబరులో లీగ్ పాల్ గాడ్లీ అనే నిపుణుణ్ణి స్కాట్‌లాండ్ తీరంలోని ఆర్డ్రోసన్‌కు పంపింది. చలిలో, వానలో ఒక గుడారం వేసుకుని ఆయన అమెరికా ఔత్సాహికుల సంకేతాలను విన్నాడు. 1923 నవంబరులో ఫ్రాన్స్‌లోని లియోన్ డెలోయ్‌తో అమెరికా నుంచి ఫ్రెడ్ ష్నెల్, జాన్ రైనార్ట్జ్ ఇరువైపులా మాట్లాడగలిగారు. చవిటినేల అనుకున్న తక్కువ తరంగదైర్ఘ్యాలే సముద్రాలు దాటాయి. ఎవరు ఏ రాత్రి పంపాలి, ఎవరు వినాలి అన్న ఏర్పాట్లను ముందుగా అచ్చులో ప్రకటించి, తర్వాత ఫలితాలను అచ్చులోనే నమోదు చేశారు. ఇవాళ ఆ ప్రయోగాల చరిత్ర రాసేవారికి మొదటి ఆధారం ఆ సంచికలే.

వేన్ గ్రీన్, ఆయన నాటిన మొక్క

రెండో ప్రపంచయుద్ధం చివరలో, 1945 జనవరిలో, 'సీక్యూ' అనే మరో పత్రిక వచ్చింది. ఎవరైనా పలకండి అని పిలిచే రేడియో సంకేతం సీక్యూ. ఇది సంఘానిది కాదు, వాణిజ్య పత్రిక. 1950ల చివరలో దీనికి సంపాదకుడిగా ఉన్న వేన్ గ్రీన్ బయటికి వచ్చి, 1960 అక్టోబరులో సొంతంగా '73' ప్రారంభించాడు. ఆ అంకె తంతివారి భాషలో శుభాకాంక్షలు అన్నమాట.

గ్రీన్ ఎవరితోనూ సర్దుకుపోయే మనిషి కాదు. పేజీలకు పేజీలు సంపాదకీయాలు రాసి లీగ్‌ను దులిపేసేవాడు. కానీ ఆయన పత్రికలో ఇంట్లో కట్టుకోదగిన పరికరాల పటాలు దండిగా ఉండేవి. వాటిని రాసేది కూడా ఎక్కువగా పాఠకులే. ఒకాయన ఒక సర్క్యూటు ప్రచురిస్తే, మరొకాయన కట్టి చూసి పనిచేయలేదని ఉత్తరం రాస్తాడు. సవరణ మరికొన్ని నెలలకు అచ్చవుతుంది. ఈ ఆలస్యాన్ని ఇవాళ మనం లోపంగా చూస్తాం. అయితే నెలల తరబడి ఆగవలసి వచ్చినప్పుడు మనిషి రాసే ముందు కట్టి, కొలిచి, సరిచూసుకుంటాడు. ఆ ఉత్తరాల నాణ్యతలో అది కనిపిస్తుంది.

1975 జనవరి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' సంచిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ కిట్ వచ్చింది. అసలు నమూనా రవాణాలో పోవడంతో ఫోటోలో పెట్టినది లోపల ఏమీ లేని పెట్టె. ఆ ఖాళీ పెట్టె బొమ్మను చూసి వేలమంది ఆర్డర్లు పంపారు. పాల్ అలెన్, బిల్ గేట్స్‌లు ఆ సంచిక చూసే బేసిక్ భాష రాయడానికి పూనుకున్నారు. ఒక హాబీ పత్రిక ముఖచిత్రం ఒక పరిశ్రమకు దారితీసిన సందర్భం ఇది. అదే సంవత్సరం సెప్టెంబరులో వేన్ గ్రీన్ ఆధ్వర్యంలో 'బైట్' పత్రిక వచ్చింది. అది త్వరలోనే ఆయన చేజారిపోతే, 1977లో 'కిలోబాడ్' పెట్టాడు. రేడియో కట్టే చేతులు కంప్యూటర్ కట్టడం నేర్చుకున్నాయి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కంప్యూటర్లే తెలివైన కుర్రకారును రేడియో బల్ల దగ్గర నుంచి లాక్కుపోయాయి. గ్రీన్ నాటిన మొక్క నీడలోనే ఆయన పాత మొక్క వాడిపోయిందని చెప్పవచ్చు.

ముందుగా పోయినది ఏది?

ఇప్పుడు తేదీలను జాగ్రత్తగా చూడండి. 1968లో మొదలై సాంకేతికంగా మంచి పేరు తెచ్చుకున్న 'హ్యాం రేడియో' పత్రిక 1990లో ఆగిపోయింది. వరల్డ్ వైడ్ వెబ్ సామాన్యులకు తెలియడం మొదలైనదే 1993 తర్వాత. కాబట్టి ఈ పత్రికను ఇంటర్నెట్ చంపిందనడం కుదరదు.

మరి ఏం జరిగింది? కట్టుకునేవాళ్ళు తగ్గి, కొనుక్కునేవాళ్ళు పెరిగారు. జపాన్ నుంచి తయారైన సెట్లు వచ్చాయి. యేసు, ఐకామ్, కెన్‌వుడ్ వంటి కొన్ని పెద్ద కంపెనీలు మిగిలి, చిన్న విడిభాగాల వ్యాపారులు తగ్గారు. దశాబ్దాలపాటు ఇంట్లో బిగించుకునే కిట్లు అమ్మిన హీత్‌కిట్ సంస్థ 1992లో ఆ పని నుంచి తప్పుకుంది. వంద చిన్న దుకాణాలు ప్రకటనలిచ్చే పత్రికకూ, నాలుగు పెద్ద కంపెనీలు ఇచ్చే పత్రికకూ ఆదాయంలో తేడా ఊహించుకోండి. ఆ నాలుగింటిలో ఒకటి మానేస్తే కాలు విరిగినట్టే. 1995లో మొదలైన ఈబే వంటి వేలం సైట్లు వచ్చేసరికి పాత సామాను అమ్మకాల చిన్న ప్రకటనలు కూడా తరలిపోయాయి. గెర్న్స్‌బాక్ కలిపిన వ్యాసమూ దుకాణమూ ఇక్కడ విడిపోయాయి. దుకాణం ముందుగా తెర మీదికి వెళ్ళింది. వ్యాసం ఒంటరిగా కాగితం మీద మిగిలింది, దాని ఖర్చు భరించేవారు లేక.

'బైట్' 1998 జూలై సంచికతో ఆగింది. '73' 2003 సెప్టెంబరుతో ముగిసింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. అచ్చు పత్రికకు రెండు రకాల ఖర్చులు. రాయించడం, సరిచూడడం, పటాలు గీయించడం ఒక రకం; వెయ్యి ప్రతులైనా లక్ష ప్రతులైనా ఇది మారదు. కాగితం, అచ్చు, తపాలా రెండో రకం. ప్రతి కొత్త చందాదారుతో ఇది పెరుగుతుంది. డిజిటల్ రెండో రకాన్ని దాదాపు తుడిచిపెట్టింది. మొదటి రకాన్ని ముట్టుకోలేదు. అంతేకాక తెర మీద ప్రకటనకు వచ్చే డబ్బు అచ్చు ప్రకటనకు వచ్చేదాని కంటే చాలా తక్కువ. "అచ్చు మానేస్తే లాభమే కదా" అనుకుని దిగినవారు ఈ రెండో సంగతి దగ్గరే బోల్తాపడ్డారు.

తెర మీదికి వెళ్ళినవారు

ఇందుకు మంచి పరీక్ష 'లైనక్స్ జర్నల్'. 1994లో మొదలైన ఈ పత్రిక పాఠకులు కంప్యూటర్లతోనే కాలం గడిపేవారు. తెర మీద చదవడానికి వారికంటే అలవాటుపడ్డవారు ఎవరుంటారు? 2011లో ఈ పత్రిక అచ్చు ఆపి పూర్తిగా డిజిటల్ అయింది. కాగితపు ప్రతి కావాలన్న పాఠకులు అక్కడ కూడా నొచ్చుకున్నారు. 2017 చివరలో డబ్బు లేక మూతవేస్తున్నామని ప్రకటించారు. ఒక ఇంటర్నెట్ సేవల సంస్థ చేయూతతో 2018లో మళ్ళీ లేచి, 2019 ఆగస్టులో మరోసారి ఆగింది. అచ్చు వదిలినంత మాత్రాన ప్రాణం నిలవదని ఈ ఉదాహరణ చెబుతుంది. 1872 నుంచి వస్తున్న 'పాపులర్ సైన్స్' కూడా 2021లో డిజిటల్‌కు మారి, 2023లో పత్రికగా ముగిసింది.

రేడియో వైపు చూస్తే, సీక్యూ సంస్థ 2014లో తన అనుబంధ పత్రికలను అచ్చులో ఆపి, వాటి వ్యాసాలన్నీ కలిపి 'సీక్యూ ప్లస్' అనే డిజిటల్ అనుబంధంగా ఇచ్చింది. ప్రధాన పత్రిక అచ్చులోనూ తెర మీదా నడిచింది. 2023 చివరకు అదీ నిలిచిపోయింది. మరోవైపు, రేడియో ప్రసారాలు వినేవారి కోసం 1982 నుంచి వచ్చిన 'మానిటరింగ్ టైమ్స్' 2013 డిసెంబరుతో మూతపడితే, అందులో పనిచేసిన సంపాదకుడే మరుసటి నెల నుంచి 'స్పెక్ట్రమ్ మానిటర్' అనే పీడీఎఫ్ పత్రిక ప్రారంభించాడు. అచ్చు లేదు, కార్యాలయం లేదు, నేరుగా చందా. అది నడిచింది. డిజిటల్ అతి చిన్నవాటికి ఊపిరి పోసింది, మధ్యరకం వాటిని నిలబెట్టలేకపోయింది అని నేను అనుకుంటున్నాను. ఇది కొన్ని ఉదాహరణల మీద ఆధారపడిన అభిప్రాయం మాత్రమే. ఫోటోగ్రఫీ పత్రికలో తోటపని పత్రికో తీసుకుని మీరు దీన్ని ప్రశ్నించవచ్చు.

క్యూఎస్‌టీ మాత్రం ఇప్పటికీ వస్తోంది. 1919లో సభ్యుల అప్పుతో జరిగిన కొనుగోలు ఫలితం నూరేళ్ళ తర్వాత కనిపిస్తోంది. ప్రకటనలు తగ్గినా దానికి సభ్యత్వ రుసుము ఉంది. అయితే అక్కడా మార్పు తప్పలేదు. 2012లో డిజిటల్ సంచిక చేర్చారు. 2024 జనవరి నుంచి వార్షిక రుసుమును 49 డాలర్ల నుంచి 59 డాలర్లకు పెంచి, అచ్చు ప్రతి కావలసినవారు అదనంగా 25 డాలర్లు కట్టాలన్నారు. ఒకప్పుడు సభ్యత్వం అంటే ఇంటికి వచ్చే కాగితమే. ఇప్పుడు కాగితం విడిగా కొనుక్కునే వస్తువు.

వేగం విషయంలో తెరదే పైచేయి అని ఒప్పుకోవలసిందే. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్‌లో ఔత్సాహిక రేడియో ప్రసారాలు చేస్తోంది. ఎన్నో ఏళ్ళ నిషేధం తర్వాత దొరికిన అనుమతి అది. 26వ తేదీన సునామీ విరుచుకుపడింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆ బృందం వెంటనే అత్యవసర సందేశాలు పంపడం మొదలుపెట్టింది. ఆప్తుల క్షేమసమాచారం కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలకు ఆ రేడియోలే దిక్కయ్యాయి. ప్రపంచంలోని ఏ రేడియో పత్రికకైనా జనవరి సంచిక అప్పటికే అచ్చయి ఉంటుంది. అలాంటి రోజున మాసపత్రిక చేయగలిగేది ఏమీ లేదు.

మన బుక్‌స్టాళ్ళలో

మన దేశంలో ఈ కథ కొంచెం వేరుగా నడిచింది. 1969లో ఢిల్లీ నుంచి మొదలైన 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యు' ఇక్కడి రేడియో, టీవీ మరమ్మతుదారులకూ పాలిటెక్నిక్ విద్యార్థులకూ చేతిపుస్తకంలా ఉండేది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారుకు వెళ్తే, సర్క్యూటు ఉన్న పేజీలు మాత్రం కత్తిరించిన పాత సంచికలు కనిపిస్తుండేవి. వాడిన పత్రిక అంటే అదే. నిండుగా ఉన్న ప్రతి కంటే కత్తిరించిన ప్రతే చరిత్రకారుడికి ఎక్కువ చెబుతుంది.

1990ల చివర, 2000ల మొదట్లో కంప్యూటర్ పత్రికల వంతు వచ్చింది. 'పీసీక్వెస్ట్', 2001లో వచ్చిన 'డిజిట్', 2003లో వచ్చిన 'లైనక్స్ ఫర్ యు' వంటివి సంచికతోపాటు సీడీ లేదా డీవీడీ ఇచ్చేవి. టెలిఫోను తీగ మీద, నిమిషాల లెక్కన బిల్లు పడే కాలంలో లైనక్స్ వ్యవస్థ మొత్తాన్ని దింపుకోవడం ఒక జిల్లా పట్టణంలోని విద్యార్థికి అసాధ్యం. బస్‌స్టాండు బుక్‌స్టాల్లో పత్రిక కొంటే అది చేతికి వచ్చేది. డిజిటల్ వస్తువును ఊరూరా చేర్చిన బండి అచ్చు పత్రికే. చాలామంది సీడీ కోసం కొని, పత్రికను తర్వాత తీరిగ్గా చదివారు. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక, మరీ ముఖ్యంగా 2016లో మొబైల్ డేటా ధర పడిపోయాక, ఆ పళ్ళెం అవసరం తీరిపోయింది. అమెరికాలో అచ్చును పోషించిన దుకాణం ముందు విడిపోతే, మన దగ్గర సీడీ విడిపోయింది.

ఏది మిగిలింది?

చరిత్ర విద్యార్థులుగా మీకు అసలు పట్టింపు ఇక్కడ ఉండాలి. పత్రిక ఆగిపోయినా సంచికలు మిగిలితే చరిత్ర రాయవచ్చు. అవి ఎవరి దగ్గర, ఏ షరతుల మీద మిగిలాయి?

'73' ఆగి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా దాని సంచికలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. నిజామాబాద్‌లోనో నంద్యాలలోనో కూర్చుని 1960 నాటి సంచిక తెరిచే అవకాశం మీకు ఉంది. అచ్చును చంపిందని నిందపడిన డిజిటలే అచ్చును కాపాడింది. క్యూఎస్‌టీ పాత సంచికలు 1915 నుంచి డిజిటల్ రూపంలో ఉన్నాయి, కానీ లీగ్ సభ్యులకు మాత్రమే. బతికి ఉన్న పత్రిక తలుపు వేసుకుంది, ఆగిపోయిన పత్రిక తలుపు తెరిచి ఉంది.

అయితే ఈ రక్షణ శాశ్వతమని అనుకోకండి. హాబీ పత్రిక కాకపోయినా 'చందమామ' అనుభవం మనకు దగ్గరిది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికను 2007లో ముంబైకి చెందిన ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తీసుకుంది. పాత సంచికలను సైట్‌లో పెట్టారు. కొన్నేళ్ళకు ఆ సంస్థ కష్టాల్లో పడింది. పత్రికా ఆగింది, సైటూ పోయింది. ఇళ్ళలో బైండు చేయించుకున్న సంపుటాలు, అభిమానులు సొంతంగా స్కాన్ చేసి దాచుకున్న ప్రతులు మిగిలాయి.

తెలుగుకు మరో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, అది వాడుకలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా ఒక్కో తెలుగు సైటు ఒక్కో సొంత ఫాంటు వాడింది. 1998లో అమెరికాలోని తెలుగువారు మొదలుపెట్టిన 'ఈమాట' వంటి పత్రికలు తమ పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చుకున్నాయి కాబట్టి ఇవాళ చదవగలుగుతున్నాం. అలా మార్చనివారి పేజీలు దొరికినా, ఆ ఫాంటు లేకపోతే తెర మీద కనిపించేది పిచ్చిగీతలే. 1915 నాటి కాగితం చదవడానికి కళ్ళజోడు చాలు. 1999 నాటి తెలుగు వెబ్ పేజీ చదవడానికి అప్పటి ఫాంటు కూడా కావాలి.

సంప్రదింపు తరగతికి వచ్చేలోగా మీ ఊరి శాఖా గ్రంథాలయంలోగానీ, పాత పుస్తకాల దుకాణంలోగానీ, ఎవరి అటక మీదైనాగానీ ఒక హాబీ పత్రిక పాత సంచికను సంపాదించండి. చెస్, క్రికెట్, వంట, కుట్టుపని, ఫోటోగ్రఫీ, కంప్యూటర్ — ఏదైనా సరే. సంచిక నెల, సంవత్సరం, ధర రాసుకోండి. మొత్తం పేజీలెన్నో, వాటిలో ప్రకటనల పేజీలెన్నో లెక్కపెట్టండి. ప్రకటనలిచ్చినవారు చిన్న దుకాణదారులా, పెద్ద కంపెనీలా చూడండి. పాఠకుల ఉత్తరాలు ఏ ఊళ్ళ నుంచి వచ్చాయో గుర్తించండి. ఆ పత్రిక ఇప్పుడు వస్తోందా, దాని పాత సంచికలు తెర మీద ఎక్కడైనా దొరుకుతున్నాయా, దొరికితే వాటిని అక్కడ పెట్టినది ఎవరో కూడా వెతకండి. కత్తిరించిన పేజీలు, పెన్నుతో గీసిన గీతలు ఉంటే వాటినీ రాసుకుని తీసుకురండి.